తడి ఏ వైపున ఉంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం తడి గురించే. ఒకరికి పైకప్పు కారుతోంది, ఒకరికి నేల, ఇంకొకరికి కళ్లద్దాలు. ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్ చెప్పి, రిటైరై అనకాపల్లిలో కూర్చున్న నాకు ఇంతకంటే పండగ ఏముంటుంది! ఒక్క మనవి మాత్రం ఉంది. ఉత్తరం రాసే ముందు వేలితో ముట్టుకుని చూడండి. తడి లోపలివైపు ఉందా, బయటివైపా? పైనా, అడుగునా? ఆ ఒక్క ముక్క రాస్తే సగం జవాబు మీరే రాసినట్టు. ఈసారి రాయనివాళ్లకి ఫోన్ చేసి కనుక్కోవాల్సి వచ్చింది.

ప్ర. టీచరమ్మ గారూ, మాది చింతపల్లి దగ్గర. ఇనప రేకుల ఇంట్లో అద్దెకుంటున్నాం. డిసెంబరు, జనవరిలో వాన చినుకు లేకపోయినా తెల్లవారుజామున దుప్పట్ల మీద నీళ్లు పడుతున్నాయి. ఇంటాయన పైకెక్కి చూసి చిల్లు లేదంటున్నాడు. అబద్ధమాడుతున్నాడా?
– ఒక గృహిణి, అల్లూరి సీతారామరాజు జిల్లా

జ. అద్దెకిచ్చినవాళ్ల పక్షాన మాట్లాడటం నా జీవితంలో ఇదే మొదటిసారి. ఆయన నిజమే చెబుతున్నాడమ్మా. ఆ నీళ్లు పైనుంచి దిగినవి కావు, మీ ఇంట్లోంచి పైకి వెళ్లినవే.

గాలిలో ఎప్పుడూ కంటికి కనిపించని నీటి ఆవిరి ఉంటుంది. ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ ఆవిరికి చోటు. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో 30 గ్రాముల దాకా ఉండగలదు. 20 డిగ్రీలకి దిగితే 17 గ్రాములే. 10 డిగ్రీల దగ్గర 9 గ్రాముల పైచిలుకు, అంతే. నిండుగా జనం ఉన్న బస్సులో ఒక్కో సీటూ పీకేస్తుంటే ఏమవుతుంది? ఎవరో ఒకరు దిగాలి. చల్లబడే గాలిలోంచి అలా దిగిపోయిన ఆవిరే నీటి చుక్క. పుస్తకాల్లో దీన్ని సాంద్రీకరణం అంటారు. ఏ ఉష్ణోగ్రత దగ్గర దిగడం మొదలవుతుందో దాన్ని తుషార స్థానం అంటారు. పేర్లు మర్చిపోయినా ఫర్వాలేదు, బస్సు గుర్తుంటే చాలు.

మీ ఇంట్లో రాత్రి అయిదుగురు పడుకుంటారని ఫోన్లో చెప్పారు. నిద్రలో ఒక్కో మనిషి ఊపిరితో, చర్మంతో కలిపి తెల్లారేసరికి పావు లీటరు దాకా నీటిని గాల్లోకి వదులుతాడు. అయిదుగురికి లీటరు దాటింది. రాత్రి అన్నం, చారు లోపలే కాస్తున్నారు. చలికి కిటికీ మూసి, గోడకీ రేకుకీ మధ్య సందుల్లో గోనెపట్టాలు కుక్కారు. ఆవిరి పోవడానికి దారి లేదు. పైన రేకు సంగతి చూడండి. మబ్బులేని రాత్రి అది తన వేడినంతా ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడిపోతుంది. లంబసింగి పక్కనే ఉన్న మీకు ఆ చలెలా ఉంటుందో నేను చెప్పాలా! ఆవిరి వెళ్లి రేకు అడుగున పట్టి, చుక్క చుక్క కలిసి, బరువెక్కి మీ దుప్పటి మీదికి వస్తోంది. చీకట్లో టార్చి వేసి చూస్తే రేకు అడుగంతా చెమట పట్టినట్టు కనబడుతుంది. చిల్లయితే ఒక్కచోటే కారేది.

ఆ గోనెపట్టాల్లో రెండు తీసేయండి, ఎదురెదురు గోడలవి. కాస్త చలి వేస్తుంది, నిజమే. రేకు మీద గడ్డి పరిచి కట్టినా రేకు అంతగా చల్లబడదు. అడుగున సీలింగు కొట్టిస్తే ఇంకా మేలు. ఆ ఖర్చు మాత్రం ఇంటాయనదేనని నేనన్నానని చెప్పండి. ఇంకొకటి, చలికి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులన్నీ బిగించి పడుకోకండి. అందులోంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, ప్రాణాలు పోతాయి.

ప్ర. కుండకీ చెమట పడుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబుకీ చెమట పడుతుంది. రెండూ ఒకటేనా? మా తోటికోడలితో పందెం.
– ఒక పాఠకురాలు, కడప

జ. పందెంలో మీరే వైపో రాయలేదు, మంచిపని చేశారు. రెండూ ఒకటి కాదు. పూర్తిగా ఎదురుబొదురు.

కుండ తడి లోపలినుంచి వచ్చింది. నీళ్లు మట్టిలోని సన్నసన్న రంధ్రాల గుండా ఊరి, బయట ఇగిరిపోతూ, పోతూపోతూ కుండలోని వేడిని పట్టుకుపోతాయి. చెంబు తడి బయటి గాలిలోది. చల్లటి స్టీలుకి తగిలిన ఆవిరి నీరవుతూ తన వేడిని చెంబుకి ఇచ్చేస్తుంది. అంటే కుండకి పట్టిన తడి నీళ్లని చల్లబరుస్తుంది, చెంబుకి పట్టిన తడి వేడెక్కిస్తుంది.

ఇది నాకు ఒక పిల్లాడు నేర్పాడు. 1989లో నర్సీపట్నం వైపు ఒక పల్లె బడిలో ఎనిమిదో తరగతికి పాఠం. ఐసు ఫ్యాక్టరీ నుంచి రంపంపొట్టులో చుట్టి తెప్పించిన ముక్క స్టీలు గ్లాసులో వేశాను. బయట తడి పట్టింది. ఎక్కడిదిరా ఈ తడి అంటే, వెనక బెంచీలోంచి ఒకడు “గ్లాసు కారుతోందండీ” అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను తెలివిగా గ్లాసు నీళ్లలో ఎర్ర సిరా కలిపి, బయట తడిని తెల్ల రుమాలుతో తుడిచి చూపించాను. రుమాలు తెల్లగానే ఉంది. కూర్చుంటాడనుకున్నాను. కూర్చోలేదు. “రంగు లోపలే ఆగిపోయి నీళ్లొక్కటే బయటికొచ్చాయేమోనండీ” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు! వాడన్నదాంట్లో తప్పేముంది? గుడ్డలో వడగట్టినప్పుడు కాఫీ పొడి పైనే ఆగిపోవడం లేదూ?

మర్నాడు కంసాలి గారిని బతిమాలి త్రాసు తెచ్చాను. గ్లాసు మీద మూత పెట్టి, బయటంతా తుడిచి తూచాం. అరగంట ఆగి, తుడవకుండా మళ్లీ తూచాం. రెండు గ్రాముల పైచిలుకు పెరిగింది. లోపలి నీళ్లే బయటికి వస్తే మొత్తం బరువు పెరగదు కదా. అప్పుడు కూర్చున్నాడు. నా సర్వీసు మొత్తంలో నన్ను అలా ఆపినవాళ్లు నలుగురైదుగురు ఉంటారేమో.

మీరూ తూచండి. వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు చాలు. కుండ బరువు తగ్గుతూ పోతుంది, మూత పెట్టిన చెంబు బరువు పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం మీ కడప గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కుండనీళ్లు అమృతంలా ఉంటాయి, చెంబుకి పెద్దగా తడి పట్టదు. మా కోస్తాలో తిరగబడుతుంది. చెంబు కింద మడుగు కడుతుంది, కుండనీళ్లు మాత్రం అంతంతమాత్రం.

ప్ర. మాది విశాఖలో గ్రౌండ్ ఫ్లోరు. ఫిబ్రవరి, మార్చిలో కొన్ని ఉదయాలు టైల్స్ మీద నీళ్లు చల్లినట్టు ఉంటోంది. మా అమ్మగారు ఒకసారి జారిపడ్డారు కూడా. భూమిలోంచి చెమ్మ వస్తోందని, 40 వేలు పెడితే వాటర్‌ప్రూఫింగ్ చేస్తానని మేస్త్రీ అంటున్నాడు.
– ఒక బ్యాంకు ఉద్యోగి

జ. బాబూ, 40 వేలు జేబులోనే ఉంచండి. ముందు 20 రూపాయల పరీక్ష ఒకటి చేయండి. రెండడుగుల ప్లాస్టిక్ షీటు నేల మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అతికించండి. తడి పట్టిన రోజున చూడండి. షీటు పైన తడి ఉంటే అది గాలిలోది. షీటు అడుగున ఉంటే నేలలోది, అప్పుడు మేస్త్రీని పిలవండి.

నా అంచనా, పైనే ఉంటుంది. చలికాలం రాత్రుళ్లకి మీ టైల్స్, వాటి కింది కాంక్రీటు చల్లబడి ఉన్నాయి. అవి అంత తొందరగా వేడెక్కవు. నేల ఇంకా 24 డిగ్రీల దగ్గర ఉండగానే ఒక పొద్దున సముద్రం మీంచి 30 డిగ్రీల గాలి, 80 శాతం తేమతో ఇంట్లోకి వస్తుంది. ఆ గాలి 26 డిగ్రీలకి చల్లబడితే చాలు, నీళ్లు దిగడం మొదలవుతుంది. మీ నేల అంతకంటే చల్లగా ఉంది. ఇక చెప్పేదేముంది, ఇల్లంతా పేద్ద ఫ్రిజ్ చెంబు!

ఇక్కడే అందరూ ఒక పొరపాటు చేస్తారు. తడి ఆరాలని కిటికీలన్నీ బార్లా తెరుస్తారు. మా అత్తగారితో ఈ విషయంలో నాకు ఇరవై ఏళ్లు యుద్ధం. తెరిచేకొద్దీ కొత్త తేమగాలి వచ్చి నేల మీద వాలుతుంది. ఆ రోజుల్లో ఉదయం కిటికీలు మూసి, ఏసీ ఉంటే ‘డ్రై’ మోడ్‌లో పెట్టండి. మధ్యాహ్నం నేల కాస్త వెచ్చబడ్డాక తెరవండి. ఆ పొద్దున ఉప్పు జాడీ కూడా చూడండి. తేమ 75 శాతం దాటితే ఉప్పు గాలిలోని నీటిని లాక్కుని కరగడం మొదలెడుతుంది. గళ్లుప్పులో ఉండే వేరే లవణాల వల్ల అది ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. ఉప్పు నీరైతే వాన అని మా అత్తగారు అనేవారు. ఆ విషయంలో మాత్రం ఆవిడదే గెలుపు, చాలాసార్లు వచ్చేది.

ప్ర. మా ఏసీ నుంచి రోజూ బక్కెట్టు నిండా నీళ్లు. ఇన్వర్టరు బ్యాటరీలో పోయొచ్చా? తాగొచ్చా?
– రాజమహేంద్రవరం

జ. రెండూ వద్దు. పుట్టడం శుభ్రంగానే పుడుతుంది, కానీ ఏసీలోని దుమ్ము, నాచు, లోహపు తుకడాలు కడుక్కుంటూ వస్తుంది. బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ ఎంతని, కొనండి. ఈ నీళ్లు మొక్కలకి, ఇల్లు తుడవడానికి వాడండి. ఒక లెక్క మాత్రం సరదాగా ఉంటుంది. పది బై పన్నెండు గది, పదడుగుల ఎత్తు అనుకోండి. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉంటే ఆ గదిలోని గాలిలో సుమారు 800 గ్రాముల నీరుంది. మరి బక్కెట్టు ఎలా నిండింది? తలుపు తీసినప్పుడల్లా బయటి గాలి కొత్త సరుకు మోసుకొస్తుంది, మీ ఊపిరి సరేసరి.

ప్ర. మరిగే నీళ్లు పడినదానికంటే కుక్కర్ ఆవిరి తగిలితే ఎక్కువ కాలుతుంది, ఎందుకు? రెండూ 100 డిగ్రీలే కదా. అలాగే ఇడ్లీ పాత్ర మూత నుంచి నీళ్లు కారి పై పళ్లెంలో ఇడ్లీలు ముద్దయిపోతున్నాయి.
– ఒక కొత్త కోడలు, తెనాలి

జ. అమ్మా, చెయ్యి కాల్చుకున్నాక రాసినట్టుంది ఈ ఉత్తరం. కాలితే వెంటనే కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టు. పేస్టూ, సిరా, పసుపూ రాయకు.

గ్రాము నీళ్లని సున్నా డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి తేవడానికి 100 కేలరీల వేడి కావాలి. ఆ 100 డిగ్రీల నీళ్లనే ఆవిరి చేయాలంటే ఇంకో 540 కేలరీలు పొయ్యాలి. వేడిమాపకం చూస్తే ముల్లు కదలదు, వేడి మాత్రం లోపల దాక్కుంటుంది. అందుకే గుప్తోష్ణం అన్నారు. ఆవిరి నీ చర్మాన్ని తాకి నీరయ్యేటప్పుడు దాచుకున్న 540 కేలరీలూ అక్కడే కక్కేస్తుంది. ఆ తర్వాత అయిన నీళ్లు ఒంటి వేడికి దిగేలోపు ఇంకో 60 పైన. మరిగే నీళ్లయితే ఆ 60 మాత్రమే. గ్రాముకి గ్రాము లెక్క వేస్తే దాదాపు పదింతలు.

ఇడ్లీ ఉడికేదీ ఈ లెక్కతోనే. చల్లటి పిండి మీద ఆవిరి నీరవుతూ వేడిని పిండికి ధారపోస్తుంది. అదే పని మూత మీదా చేస్తుంది, ఎందుకంటే మూతకి అవతల వంటింటి గాలి తగిలి చల్లగా ఉంటుంది. మూత చదునుగా ఉంటే చుక్కలు నడిమిట్లో పడతాయి, గుమ్మటంలా ఉంటే అంచులకి జారిపోతాయి. చదును మూతే ఉంటే దానికి లోపలివైపు పల్చటి గుడ్డ చుట్టి కట్టు, మంటకి తగలకుండా కొసలు పైకి ముడేసుకో. మీ అమ్మమ్మల కాలంలో కుండ మూతికి గుడ్డ కట్టి, దాని మీద కుడుములు వేసేవారు. ఆ గుడ్డని వాసెన అంటారు. కిందినుంచి లేచే ఆవిరి దాని గుండా వెళ్లి కుడుముల్ని ఉడికిస్తుంది.

ఇదే వేడి బంగాళాఖాతం మీద ఏం చేస్తుందో చెప్పనా? ఒక చదరపు కిలోమీటరులో సెంటీమీటరు వాన పడితే 10 వేల టన్నుల నీరు. ఆ నీరు ఆవిరి నుంచి చుక్కలుగా మారినప్పుడు పైన గాలిలోకి వదిలిన వేడి, కరెంటు లెక్కలో 60 లక్షల యూనిట్లకు పైనే. అది ఒక్క చదరపు కిలోమీటరుకి, ఒక్క సెంటీమీటరుకి! ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద ఖాళీ అయిన చోటికి మరింత తేమగాలి దూసుకొస్తుంది. తుపాను తిరిగేది ఈ ఇంధనంతో. నేల మీదికి వచ్చాక సముద్రపు ఆవిరి అందక నీరసపడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని ఊడ్చేసిన రోజు మా పెరట్లో వేపచెట్టు వేళ్లతో సహా లేచింది. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడల్లా నాకు ఆ చెట్టు గుర్తొస్తుంది, నవ్వకు.

ప్ర. అమ్మా, మంచు ఎంత ఎత్తు నుంచి కురుస్తుంది? మా వరి మళ్లో జనవరిలో పొద్దున మోకాళ్ల దాకా తడిసిపోతాం. చెట్టు కింద పెట్టిన బండి మాత్రం పొడిగా ఉంటుంది.
– ఒక కౌలు రైతు, కోనసీమ

జ. మన తెలుగుతో వచ్చిన తంటా ఇది. కాశ్మీరులో పడేదీ మంచే, హైవే మీద కమ్మేదీ మంచే, గడ్డి మీద మెరిసేదీ మంచే. అన్నిటికీ ‘కురిసింది’ అనేస్తాం. మామిడి పూతని నాకేసే పురుగు వదిలే జిగురుకి కూడా తేనెమంచు అని పేరు పెట్టాం. వీటిలో కాశ్మీరుది ఒక్కటే నిజంగా కురిసేది.

గడ్డి మీది మంచు ఎక్కడినుంచీ పడదు నాయనా, అక్కడే పుడుతుంది. లండన్‌లో విలియం చార్లెస్ వెల్స్ అనే డాక్టరు ఉన్నిపింజలు తూచి, రాత్రి తోటలో అక్కడా ఇక్కడా పెట్టి, తెల్లారి మళ్లీ తూచేవాడు. ఆకాశం కనబడే చోట పెట్టిన పింజకి తడి ఎక్కువ, పైన చెక్క అడ్డం ఉన్న పింజకి తక్కువ. 1814లో ఈ సంగతంతా అచ్చు వేశాడు. ముందు వస్తువు చల్లబడుతుంది, ఆ తర్వాతే దాని మీద తడి పడుతుంది అని తేల్చింది ఆయనే. నిర్మలమైన ఆకాశం కింద గడ్డి, ఆకు, బండి సీటు తమ వేడిని పైకి పంపేసి చల్లబడతాయి. చెట్టు కింద బండి పంపిన వేడిని కొమ్మలు కొంత తిప్పి పంపిస్తాయి, అందుకే పొడిగా ఉంది. మబ్బు పట్టిన రాత్రి, గాలి గట్టిగా వీచే రాత్రి మంచు పట్టకపోవడం మీరూ చూసే ఉంటారు.

ఇప్పుడు ‘ఏ వైపు’ అని మీరు చూడాల్సింది ఒకటుంది. రేపు పొద్దున వరి ఆకు కొసన చూడండి. ఒకే ఒక్క చుక్క, ముత్యంలా, సరిగ్గా మొనకి అతుక్కుని ఉంటుంది. ఆకు మీద పల్చగా అంతటా పరుచుకున్నది మంచు. కొసన ఉన్న ఆ చుక్క మంచు కాదు, మొక్క లోపలి నీరు! రాత్రి ఆకుల నుంచి నీరు ఇగరదు, వేళ్లు మాత్రం తోడుతూనే ఉంటాయి. ఎక్కువైంది ఆకు కొసల్లోంచి బయటికి నెట్టబడుతుంది. పుస్తకంలో దీన్ని బిందుస్రావం అంటారు. చేమ ఆకులకీ ఇంతే. చిన్నప్పుడు పలక మీద రాసింది చెరపడానికి ఆ చుక్కల కోసం పరుగెత్తేవాళ్లం, మంచు నీళ్లనుకుని.

మీకు పనికొచ్చే ముక్క చెప్తాను. ఆకు ఎన్ని గంటలు తడిగా ఉంటే అగ్గి తెగులుకి అంత అనుకూలం, దాని బీజాలు మొలకెత్తడానికి ఆ తడే కావాలి. వరసగా నాలుగు రోజులు మంచు గట్టిగా పట్టి, మీరు యూరియా కూడా బాగా దట్టించి ఉంటే, ఆకుల మీద నూలుకండె ఆకారం మచ్చలున్నాయేమో రోజూ చూసుకోండి. పిచికారీ ఏదైనా మంచు ఆరాకే.

ప్ర. టీచర్! మేం వంజంగి కొండ ఎక్కాం. మేఘాలు మా కాళ్ల కింద ఉన్నాయి. చేత్తో పట్టుకుంటే ఏమీ లేదు, చెయ్యి తడి అయింది అంతే. మేఘం ఆవిరా, నీళ్లా? నీళ్లైతే కింద పడదేం?
– ఏడో తరగతి, పాడేరు

జ. నీళ్లే బంగారం. ఆవిరి కంటికి కనబడదు. టీ కెటిల్ ముక్కు దగ్గర చూడు, ముక్కుకి ఆనుకుని కాస్త ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో ఉన్నదే అసలు ఆవిరి. తర్వాత తెల్లగా కనిపించేది అప్పటికే చల్లబడి నీరైపోయిన సన్నటి చుక్కలు. పొద్దున నీ నోట్లోంచి వచ్చే ‘పొగ’ కూడా అదే.

మేఘంలో ఒక్కో చుక్క మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది. అంత చిన్నది పడదని కాదు, పడుతుంది, కానీ చీమ నడకలా. కింది నుంచి వచ్చే గాలి దాన్ని ఇట్టే పైకి తోసేస్తుంది. అలాంటి చుక్కలు దాదాపు పది లక్షలు కలిస్తే ఒక వాన చినుకు.

ఇంకో విషయం ఉంది. శుద్ధమైన గాలిలో ఆవిరి అంత సులువుగా చుక్క కాలేదు. వాలడానికి ఏదో ఒకటి కావాలి, ధూళి రేణువో, పొగ నలుసో, సముద్రపు ఉప్పు పలుకో. భోగి మంటల పొద్దున మంచు మరీ చిక్కగా ఉండటంలో ఆ పొగ చేయీ ఉంది. ఇంట్లో చేసి చూడు. పెద్ద ప్లాస్టిక్ సీసాలో నాలుగు చెంచాల గోరువెచ్చటి నీళ్లు పోసి మూత పెట్టి ఆడించు. సీసాని గట్టిగా నొక్కి వదులు. పెద్దగా ఏమీ కనబడదు. ఇప్పుడు అమ్మని అగరొత్తి వెలిగించమని, కాస్త పొగ సీసాలోకి పోనిచ్చి, మూత బిగించి మళ్లీ నొక్కి వదులు. వదిలిన క్షణంలో లోపల మబ్బు పుడుతుంది, నొక్కితే మాయమవుతుంది. వదిలినప్పుడు గాలి వ్యాకోచించి చల్లబడుతుంది కాబట్టి అలా. కొండ ఎక్కే గాలికి జరిగేదీ అదే.

నీలాగే కొండ మీద నిలబడి మేఘాలు చూసినాయన ఒకడున్నాడు. 1894లో స్కాట్లాండ్‌లోని బెన్ నెవిస్ కొండ మీద సి.టి.ఆర్. విల్సన్. ఆ మబ్బుల మీద ఎండ చేసే రంగుల చిత్రాలు చూసి, వాటిని గదిలో తయారు చేద్దామని కూర్చున్నాడు. నీ సీసా లాంటిదే, బాగా మెరుగైనది, చేశాడు. అందులో ధూళి మొత్తం తీసేసినా మబ్బు పడుతోంది! తీరా చూస్తే విద్యుదావేశం ఉన్న కణాల మీద చుక్కలు వాలుతున్నాయి. కంటికి ఎన్నడూ కనిపించని కణాలు నడిచిన దారి మబ్బు గీతలా కనబడింది. దానికి 1927లో నోబెల్ బహుమతి వచ్చింది.

ప్ర. నేను జగిత్యాల నుంచి వచ్చి దమ్మామ్‌ల డ్రైవర్‌గా చేస్తున్న. ఆగస్టుల కార్లకెళ్లి దిగంగనే కండ్లద్దాలు తెల్లగైపోతయి. కారు ముందటి అద్దం గూడ. ఎంత తుడిచినా లోపల పోతలేదు. ఎడారిల ఇంత తేమ ఎట్ల?
– ఒక గల్ఫ్ కార్మికుడు

జ. తమ్ముడూ, లోపల తుడిస్తే ఎలా పోతుంది, తడి బయటుంటే! వైపర్ వెయ్యి, వెంటనే పోతుంది. ఏసీ గాలి ముందు అద్దం మీదికి తిప్పకు, చల్లదనం కాస్త తగ్గించు. చలికాలం వచ్చినప్పుడు మాత్రం తడి లోపలివైపు పడుతుంది, మీ ఊపిరిది. అప్పుడు ఏసీ వేసి గాలి అద్దం మీదికే తిప్పాలి, ఏసీ లోపలి తేమని పిండేస్తుంది. కళ్లద్దాలకి మందేమీ లేదు, దిగే ముందు రెండు నిమిషాలు ఏసీ ఆపి అద్దాల్ని వెచ్చబడనివ్వు.

ఎడారి అంటే నేల సంగతి. మీ పక్కనున్న సముద్రం వేసవిలో స్నానానికి కాచిన నీళ్లలా ఉంటుంది, దాని మీంచి వచ్చే గాలికి తేమ కొదవా? మీకు కూతవేటు దూరంలోని ధహ్రాన్‌లో 2003 జులై 8న తుషార స్థానం 35 డిగ్రీలుగా నమోదైంది. అంటే 35 డిగ్రీల వస్తువు, మనం వెచ్చగా ఉందనుకునే వస్తువు, దానికి కూడా ఆ రోజు చెమట పట్టేదన్నమాట. అంత తేమలో ఒంటి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అలాంటి రోజున బండి కడగడం లాంటి పనులు మధ్యాహ్నం పెట్టుకోకు. తల తిరిగినట్టుంటే నీడకి పో, ఎవరేమన్నా సరే.

ప్ర. మేడమ్ గారూ, మా అబ్బాయి దగ్గరికి మిషిగన్ వచ్చి మూడు నెలలైంది. జనవరిలో కిటికీ అద్దాలకి లోపలివైపు నీళ్లు కారుతున్నాయి (మీరు అడిగే ముందే ముట్టుకుని చూశాను). నా వంటల వల్లే అని కోడలి అనుమానం. ఒక కిటికీకి మాత్రం ఎంత తుడిచినా తెల్లటి మసక పోవడం లేదు. లోపలా తడి తగలడం లేదు, బయటా లేదు.
– ఒక అమ్మమ్మ, ఊరు హనుమకొండ

జ. ముట్టుకుని చూసినందుకు నమస్కారం. ఇంటి లోపల 21 డిగ్రీలు, తేమ 40 శాతం ఉంటే, 7 డిగ్రీల కంటే చల్లటి దేనికైనా తడి పడుతుంది. బయట సున్నాకి దిగువన ఉన్నప్పుడు కిటికీ అద్దం అంచులు అలాగే ఉంటాయి మరి. కోడలి అనుమానం సగం నిజం. మూత తీసి పప్పుచారు అరగంట మరిగిస్తే ఆవిరి పోయేది ఆ అద్దాల మీదికే. మూత పెట్టండి, పొయ్యి మీది ఎగ్జాస్ట్ వెయ్యండి. మిగతా సగం ఎవరిదంటే, అందరి స్నానాలది, ఊపిరిది, లోపల ఆరేసిన బట్టలది. రాత్రి కర్టెన్లు పూర్తిగా మూస్తే గది వెచ్చదనం అద్దానికి అందక తడి ఇంకా ఎక్కువవుతుంది, పగలైనా తెరిచి ఉంచండి.

ఆ మసక కిటికీ నన్ను ఓడించబోయింది. లోపలా కాదు, బయటా కాదు అంటే ఇంకెక్కడ? అక్కడి కిటికీలకి రెండద్దాలుంటాయి, నడుమ పొడి గాలో, వేరే వాయువో పెట్టి అంచులు మూసేస్తారు. ఆ అంచు ఎక్కడో విడిచిపెట్టింది. తేమ నడిమిట్లోకి దూరి అక్కడే మంచు పడుతోంది. మీరు తుడవలేరు, కోడలూ తుడవలేదు. అద్దం జత మొత్తం మార్చాల్సిందే. అద్దె ఇల్లయితే ఫోటో తీసి ఓనరుకి పంపమనండి.